కళ్లు పెట్టని కార్లు

నంద్యాల బస్టాండు ఎదుట రోడ్డు దాటుతుండగా నా వెనక సైకిలు బెల్లు మోగింది. పక్కకు తప్పుకొని తిరిగి చూస్తే సైకిలు లేదు. పాల క్యాన్లు వేసుకున్న ఒక చిన్న ఆకుపచ్చ కారు, ఇంజను చప్పుడన్నది లేకుండా వచ్చి, నా మోచేతికి జానెడు దూరంలో ఆగి ఉంది. డ్రైవరు కిటికీ పక్కన మామూలు సైకిలు బెల్లు బిగించి ఉంది. కారుకు సైకిలు బెల్లు బిగించే మనిషి నాకు తెలిసి ఒక్కడే. కరెంటు బండి వస్తున్నట్టు మనుషులకు వినపడదని, హారను కొడితే ముసలివాళ్లు ఉలిక్కిపడతారని, ఆయన ప్రతి కారుకూ ఒక బెల్లు పెట్టేవాడు.

పాలాయనను పలకరించాను. "బండి ఎట్లుందప్పా?"

"బండికేం సార్, నాకంటే బాగుండాది. చేసినాయనే లేడు. పోయిన నెల పోయినాడు గదా, గుండె నొప్పొచ్చి. మీకు తెల్దా?"

తెలియదన్నాను. వెనక బస్సు వాడు విసుగ్గా హారను కొట్టాడు. పాలాయన బెల్లు మోగించుకుంటూ వెళ్లిపోయాడు. ఆ రోజంతా నాకు ఒకచోట కాలు నిలవలేదు. విదేశంలో ఎవరో కోటీశ్వరుడు కొత్త కారు నమూనా ముందు నిలబడితే మన పత్రికలు సగం పేజీ బొమ్మ వేస్తాయి. నలభై కిలోమీటర్ల దూరంలో ఒక మనిషి కారును మొదటి బోల్టు నుంచి చివరి తీగ దాకా చేయించి చనిపోతే, ఆ కబురు నాకు రోడ్డు మధ్యలో ఒక పాల బండి ద్వారా అందింది.

ఇంటికి వచ్చి నా దినచర్య పుస్తకాలు తీశాను. పత్తి మిల్లులో లెక్కలు చూసిన కాలం నుంచి రోజూ రాసే అలవాటు నాది. వాటిలో ఆయన పేరు ఎక్కడా లేదు. మొదటి రోజున "ఆళ్లగడ్డ కారు మనిషి" అని రాసుకున్నాను, ఆ తరువాత కూడా అదే నిలిచిపోయింది. ఇక్కడ కూడా పేరు రాయను. ఇది రాస్తానని ఆయన భార్యకు చెప్పినప్పుడు ఆమె కోరిన షరతు అది ఒక్కటే.

ఆయన కూర్చోగా నేను చూసింది చాలా తక్కువ. మా ఇంటికి వచ్చినా, బ్యాంకుకు వెళ్లినా, కుర్చీ చూపిస్తే దాని వీపు మీద చెయ్యి ఆనించి నిలబడేవాడు. జేబులో ఎప్పుడూ ఒక ముక్క రాగి తీగ ఉండేది. ఆలోచన వస్తే దాన్ని చూపుడు వేలికి చుట్టేవాడు, ఆలోచన తెగకపోతే విప్పి మళ్లీ చుట్టేవాడు. అప్పటిదాకా తిరిగి ఆగిన మోటారును అరచేత్తో ముట్టేవాడు కాదు. పసిబిడ్డకు జ్వరం చూసినట్టు చేతి వెనుక భాగం ఆనించి, ఒక క్షణం తల వంచి, "ఊఁ, బాగుండావ్ పో" అనేవాడు. ఆ మాట మోటారుతోనే.

కార్లకు ముందు ఆయన వృత్తి బోరుబావుల మోటార్లకు తీగ చుట్టడం. ఆ పని ఎందుకు వదిలావని అడిగితే, "భూమిలో నీళ్లు లేకున్నా నా చుట్టుడునే తిట్టేటోళ్లు సార్. కారైతే ఆ బాధ లే. రోడ్డు యాడికీ ఎండిపోదు" అన్నాడు.

ఒక నూనె వర్తకుడు పంపగా మొదటిసారి మా ఇంటికి వచ్చాడు. చేతిలో ఎరువుల సంచి ఉంది. బరువుగా ఉంటే ఏవో పప్పులు తెచ్చాడేమో, వద్దని చెప్పాలి అనుకున్నాను. సంచి తెరిస్తే అన్నీ కాగితాలే.

"వీటిని బ్యాంకోళ్లకు అర్థమయ్యేటట్టు చెయ్యల్ల సార్. నాకు మోటారు భాష వస్తాది, ఈ భాష రాదు."

ఆ సంచిలో అన్నిటికంటే పైన, నాలుగు వైపులా ప్లాస్టిక్ పూత వేయించిన ఒక సర్టిఫికెట్టు ఉంది. ఆయన చేసిన కారు రోడ్డు మీద తిరగడానికి తగినదని పరీక్షించి ఇచ్చిన పత్రం. దాన్ని రెండు చేతులతో నా ముందు పెట్టి, "ఇది మా నాయన చేను సార్" అన్నాడు. "కుందూ ఏటి పక్కన ఉండె. ఇప్పుడు ఇట్లయింది. సంకలో పెట్టుకొని యాడికన్నా తీసుకపోవచ్చు."

నవ్వుతూ అన్నాడు గాని నాకు నవ్వు రాలేదు. ఏడాదికి లక్ష కార్లు అమ్మే కంపెనీ ఆ పరీక్షకు ఎంత కడుతుందో, నెలకు ఒక కారు చేసే ఆళ్లగడ్డ షెడ్డు కూడా దాదాపు అంతే కట్టాలి. కారును లారీ మీద పుణె దాకా పంపాలి, అక్కడ తప్పు పడితే వెనక్కు తెచ్చి సరిచేసి మళ్లీ పంపాలి. పరీక్ష వద్దని నేను అనను. మనుషులు ఎక్కే బండిని పరీక్షించాల్సిందే. కాని లక్ష కార్ల మీద పంచితే కనపడకుండా పోయే ఖర్చు, పది కార్ల మీద పడితే ఒక కుటుంబం పొలాన్ని మింగుతుందన్న సంగతి ఆ నియమం రాసినవారికి తట్టలేదా? తట్టినా పట్టలేదా? ఈ ప్రశ్నను నేను సంబంధిత కార్యాలయానికి రిజిస్టరు పోస్టులో పంపాను. అందినట్టు సంతకం వచ్చింది, జవాబు రాలేదు.

కాగితాలు సర్దాక షెడ్డు చూడటానికి ఆళ్లగడ్డ వెళ్లాను. ఒక పక్క శిల్పుల షెడ్లు, మరో పక్క ఈయన షెడ్డు, మధ్యలో తడికె. ఉలుల చప్పుడు ఎడతెగకుండా వస్తూనే ఉంది. ఆవరణలో ఏడు కార్లు వరుసగా నిలబడి ఉన్నాయి. రంగు వేసి, సీట్లు కుట్టి, అద్దాలు బిగించి ఉన్నాయి. కాని ప్రతి కారుకూ ముందు దీపాలు ఉండవలసిన చోట రెండు గుండ్రని ఖాళీలు, వాటిలోంచి బయటికి వేలాడే తీగలు. చూడగానే నాకు అదోలా అనిపించింది.

"దీపాలు ఇంకా రాలేదా?"

"వచ్చినాయి సార్. పెట్టెలో ఉండాయి. కొనేటోళ్లు వచ్చినాక పెడతా."

తడికె మీదుగా శిల్పి తల పెట్టాడు. ఒంటినిండా రాతి పొడి. ఆయన ఈయనకు చిన్ననాటి స్నేహితుడు. "నన్ను చూసి నేర్చినాడు సార్. మేము విగ్రహానికి ఒళ్లంతా చెక్కుతాం, కండ్లు మటుకు తెరవం. చేయించుకునేటోళ్లు రావల్ల, వాళ్ల ముందర తెరవల్ల, మొదట అద్దం చూపియ్యల్ల. ఈయప్ప కార్లు చేస్తాండాడా, దేవుండ్లను చేస్తాండాడా నాకే తెల్దు. నాకైతే ధోవతీ, దక్షిణా ఇస్తారు. ఈయప్పకు అదీ లే."

"నువ్వు చేసిండేది కదలదు, నేను చేసిండేది కదులుతాది" అన్నాడు ఈయన. "దీనికే కండ్లు ముఖ్యం. పని చూసుకో పో."

ఆ రోజే ఒక టైలరు తన కారు తీసుకుపోవడానికి వచ్చాడు. చిన్నప్పటి నుంచి ఒక కాలు సరిగా రాని మనిషి. అతని కోసం బ్రేకును చేతికి అందేలా అమర్చి, దానికి వేరే అనుమతి కూడా తెప్పించి ఉంచాడు. పెట్టెలోంచి పాత పంచె గుడ్డలో చుట్టిన దీపాలు తీసి, టైలరును ఎదురుగా నిలబెట్టి బిగించాడు. ఆయన గడ్డం గీసుకునే చిన్న అద్దాన్ని ఆయన భార్య ఇంట్లోంచి తెచ్చి కారు ముందు పట్టుకుంది. "కారుకు పెండ్లిచూపులు" అని నాతో ఎగతాళిగా అంది గాని, అద్దాన్ని సరిగ్గా దీపాల ఎత్తుకు పట్టుకుంది. స్విచ్చి వేశాడు. వెలుగు అద్దంలో పడి తిరిగి కారు ముఖం మీదే పడింది. ఆమె అద్దం దించింది. టైలరు కళ్లు తుడుచుకున్నాడు. ఈయన మాత్రం అప్పటికే మరో కారు కింద దూరి ఉన్నాడు.

ఈ పద్ధతి ఎందుకని ఆయనను వేర్వేరు రోజుల్లో అడిగాను. వేర్వేరు జవాబులు వచ్చాయి. ఒకసారి శిల్పి స్నేహమన్నాడు. ఒకసారి, నంద్యాలలో ఒక షోరూం యజమాని రెండు కార్లను చూపుకు పెట్టుకుంటానని తీసుకుపోయి, నెలల తరబడి నిలబెట్టి, బ్యాటరీలు చచ్చిపోయాక "నీ బండ్లే పాడైనవి" అని పైసా ఇవ్వకుండా వెనక్కి నెట్టిన సంగతి చెప్పాడు. "కండ్లు లేని బండిని ఎవురూ ఎత్తుకపోరు సార్." మరొకసారి వేలికి తీగ చుట్టుకుంటూ, "ఎవురి కోసం చూడల్లో తెల్వకముందే చూపు ఇచ్చేది తప్పు గదా" అన్నాడు. వీటిలో ఏది అసలు కారణమో నిర్ణయించడం నా చేత కాలేదు.

బ్యాటరీ బండిని ఊరికే నిలబెట్టకూడదు. అందుకని రోజూ పొద్దున్నే అమ్ముడుపోని ప్రతి కారునూ ఆయన ఆవరణలో ఒక చుట్టు తిప్పేవాడు. ఒకటి దిగి ఇంకొకటి ఎక్కేవాడు. "నిలబడితే చస్తాది సార్" అనేది ఆయన మాట. బండి గురించి అడిగినా అదే అనేవాడు, కాస్త కూర్చో అప్పా అని నేను అన్నా అదే అనేవాడు.

ఇంక బ్యాంకు తనిఖీ గురించి రాయాలి.

ఏ చిన్న కార్ఖానాకైనా ప్రాణం రోజువారీ పెట్టుబడిలో ఉంటుంది. బ్యాటరీ సెల్లులు పంపేవాడికి ముందే సొమ్ము కట్టాలి, కారు అమ్ముడయ్యేది ఎప్పుడో తెలియదు. ఆ మధ్య కాలాన్ని దాటించేది బ్యాంకు అప్పు. ఆ అప్పు షెడ్డులో ఉన్న సరుకును బట్టి ఉంటుంది. ఆయన బ్యాంకు లెక్కలో, తయారైన కారుకు మంచి విలువ కడతారు. సగం పనిలో ఉన్న కారుకు దాదాపు ఏమీ కట్టరు. ఏడాదికొకసారి అధికారి వచ్చి చూసి రాసుకుపోతే, దాని మీద మరుసటి ఏడాది అప్పు ఖరారవుతుంది. ఆ ఏడాది సెల్లుల ధర పెరిగి ఉంది. అప్పు తగ్గితే షెడ్డు మూతపడుతుందని నాకు తెలుసు, ఆయనకు తెలుసు, జీతం కోసం చూసే వెల్డర్లకు కూడా తెలుసు.

తనిఖీకి ముందు రోజు నేను ఆళ్లగడ్డ వెళ్లాను. "రేపు ఒక్క పూట అన్ని కార్లకూ దీపాలు బిగించు" అన్నాను. "బ్యాంకు అధికారిణి చూసి వెళ్లాక కావాలంటే విప్పుకో. ఇందులో అబద్ధం లేదు, మోసం లేదు. దీపాలు నీవే, కార్లు నీవే."

ఆయన తీగ చుట్టడం ఆపాడు. "తెరిసిన కండ్లను మళ్లా పీకమంటాండావా సార్?"

"అయితే పీకవద్దు. అట్లాగే ఉంచు."

"ఉంచితే రేప్పొద్దున ఇంకోడు చూపుకు పెట్టుకుంటా అని వస్తాడు."

"ఆ భయానికి షెడ్డు మూసుకుంటావా? పని చేసేవాళ్లు ఏం తినాలి?"

ఆయన లేచి (లేవడమేముంది, నిలబడే ఉన్నాడు) ఒక కారెక్కి ఆవరణలో తిరగడం మొదలుపెట్టాడు. నేను తిట్టాను. ఆయన తిరుగుతూనే ఉన్నాడు. ఆయన భార్య వాకిట్లోంచి అంది: "వదిలెయ్ అన్నా. పెండ్లయిన కాడి నుంచి చూస్తాండా. తిరిగి తిరిగి అదే కాడికి వస్తాడు."

మరునాడు అధికారిణి వచ్చింది. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన చిన్న వయసు అమ్మాయి. ఆమెను నేను తప్పుపట్టను. శ్రద్ధగా చూసింది, అడగవలసినవన్నీ అడిగింది. ఆయన ఆమెను కారులో ఎక్కించుకుని ఆవరణంతా తిప్పాడు. బెల్లు తానే మోగిస్తానంది, మోగించి నవ్వింది. దిగి, కలం తీసి, "అయితే ఇవన్నీ పూర్తయిన కార్లేనాండీ?" అని అడిగింది.

నేను అవుననబోయాను. ఆయన నాకంటే ముందే, "లేదు మేడం. ఇంగా కండ్లు పెట్టలే" అన్నాడు.

ఆమె నా వైపు చూసింది. నేను శిల్పుల ఆచారం దగ్గర నుంచి షోరూం యజమాని చేసిన అన్యాయం దాకా అంతా వివరించాను. ఓపికగా విన్నది. "నాకు అర్థమైందండీ. నిజంగానే అర్థమైంది. కానీ నా ఫారంలో రెండే గడులున్నాయి. పూర్తయినవి, పూర్తికానివి. దీపాలు లేని కారును పూర్తయిందని నేనెలా రాయనండీ?"

"మీరెక్కి తిరిగారు కదమ్మా!"

"తిరిగానండీ. బాగుంది కూడా."

అప్పటికి ఆవరణలో ఉన్న ఏడు కార్లూ పూర్తికాని గడిలోకి పోయాయి. తడికె అవతల ఉలి చప్పుడు ఆగింది. శిల్పి వింటున్నాడు. కాసేపటికి మళ్లీ మొదలైంది.

అప్పు కోసేశారు. సెల్లులు పంపే హైదరాబాదు వ్యాపారి అరువు ఆపేశాడు. వెల్డర్లలో ఇద్దరు సిమెంటు ఫ్యాక్టరీకి పోయారు. ఇంత జరుగుతున్నా కొత్త కారు కావాలని బయానా పట్టుకుని వచ్చినవాళ్లు ఉన్నారు. ఆయన ముట్టుకోలేదు. ఫ్యాక్టరీకి పునాది అయినా తవ్వకముందే ఫోనులో బుకింగులు తీసుకుని, ఆ సొమ్ముతో ప్రకటనలు వేసుకునే కంపెనీలు ఉన్న కాలమిది. వాటిని ధైర్యవంతమైన సంస్థలంటున్నారు. ఆయనతో ఈ మాట అన్నాను. "చెయ్యలేనని తెల్సినాక ఇంగొకని దుడ్లు తీసుకోని యాడ దాచిపెట్టేది సార్? కడుపులో దాచల్లనా?" అన్నాడు.

తరువాత ఆయన చేసింది నా లెక్కల చదువుకు అందని పని. ఒక్కో కారుకూ మనిషిని వెతుక్కుంటూ ఊళ్లు తిరిగాడు. డోన్ దాకా, నందికొట్కూరు దాకా తిరిగాడు. కారు తీసుకుని దాన్ని రోజూ నడిపించే మనిషి అనుకుంటేనే ధర చెప్పేవాడు. ఆ ధర చేసిన ఖర్చు కంటే తక్కువ ఉండేది. పాలాయనకు ఒకటి, పూల వ్యాపారికి ఒకటి, ఇలా పోతూ వచ్చాయి. ప్రతిసారీ కొన్నవాణ్ని షెడ్డుకు రప్పించాడు, దీపాలు బిగించాడు, భార్య అద్దం పట్టింది. వచ్చినది వచ్చినట్టు బ్యాంకుకు కట్టి అప్పు తీర్చేశాడు. పెద్ద కంపెనీలు ఎగ్గొడితే దానికి గౌరవమైన పేర్లు ఉంటాయి. ఈయన పూర్తిగా తీరిస్తే, "ఖాతా మూసివేయబడినది" అని ఒక్క ముక్క కాగితం వచ్చింది.

ఒక్క కారు మిగిలింది. దానికి మనిషి దొరికేలోపు సర్టిఫికెట్టు గడువు ముగిసింది. మళ్లీ రుసుము కడితే తప్ప చెల్లదు. కట్టడానికి అమ్మే చేను ఇంకొకటి లేదు. చెల్లని సర్టిఫికెట్టుతో ఆ కారు రిజిస్టరు కాదు, రోడ్డెక్కడానికి లేదు. రోజూ పొద్దున్నే ఆ ఒక్క కారులో ఖాళీ ఆవరణ చుట్టూ తిరుగుతున్నాడని, ఏదో పని మీద నంద్యాల వచ్చినప్పుడు శిల్పి చెప్పాడు. వెళ్లి చూడాలనుకుంటూనే ఉన్నాను. నా మోకాళ్లు సహకరించలేదు. ఇంతలో పాలాయన చెప్పిన కబురు వచ్చింది.

ఆ మరునాడే బస్సెక్కి ఆళ్లగడ్డ వెళ్లాను. షెడ్డు తలుపులు తీసే ఉన్నాయి. నేను ఆవరణలో అడుగు పెట్టేసరికి ఆ చివరి కారు మెల్లగా నాకు ఎదురుగా వస్తోంది. దీపాలు లేవు. నడిపేది ఆయన భార్య. కొంగు బొడ్లో దోపుకుని, రెండు చేతులతో చక్రం గట్టిగా పట్టుకుని, రోడ్డు మీద లారీ నడుపుతున్నంత జాగ్రత్తగా తిప్పుతోంది.

"వెనక్కి పోనిచ్చేది నాకు రాదు అన్నా" అంది ఆపి. "అందుకే చుట్టూ తిప్పుతాండా. నిలబడితే చస్తాది గదా."

అప్పు ముందే తీరింది కాబట్టి ఆమె మీద పడే బాకీ ఏదీ లేదని, ఆ కాగితాలు నా దగ్గర భద్రంగా ఉన్నాయని చెప్పాను. ఆమె విన్నది. "ఆయప్ప నిద్ర పొయ్యేటోడు కాదు, అది తీరేదాకా" అని మాత్రం అంది.

శిల్పి తడికె పక్కకు లాగి ఈ వైపుకు వచ్చాడు. ఆ రోజు అతని ఒంటి మీద రాతి పొడి లేదు. స్నానం చేసి, ఉతికిన ధోవతి కట్టుకుని ఉన్నాడు. "మంచి పొద్దున వచ్చినారు సార్. ఈ బండి నేను తీసుకుంటాండా. చిన్న విగ్రహాలను షెడ్డు నుంచి గేటు దాకా మోసుకపోయేకి. మా ఆవరణ దాటదు, రిజిస్టరుతో పనే లే. వదినకు ధర చెప్తే తక్కువన్నా అన్యాయమంటాది, ఎక్కువన్నా అన్యాయమంటాది. ఎట్లనో తెంపినాం."

"ఎక్కువే ఇచ్చినాడు" అంది ఆమె నాతో. "మీరన్నా చెప్పండి అన్నా."

ఆమె లోపలికి వెళ్లి పెట్టె తెరిచి, పాత పంచె గుడ్డలో చుట్టిన దీపాలు తెచ్చింది. వెంట ఆ గడ్డం గీసుకునే అద్దం ఉంది. దాని మూలన ఎండిన సబ్బు మరక ఇంకా అట్లాగే ఉంది. శిల్పి మోకాళ్ల మీద కూర్చుని, ఉలి పట్టే వేళ్లతో ఒక్కో స్క్రూ బిగించాడు. ఎడమది ముందు, కుడిది తరువాత. తీగలు ఎట్లా కలపాలో మధ్యలో ఆమె రెండుసార్లు చెప్పింది. నేను కారుకు ఎదురుగా నిలబడి చూస్తున్నాను. ఆ అధికారిణి ఫారం, ఆ రెండు గడులు, ఆవరణలో తిరుగుతూ నా తిట్లు విననట్టు నటించిన ఆ మనిషి, అంతా ఒక్కసారిగా కళ్ల ముందుకు వచ్చింది.

ఆమె అద్దం పట్టింది. శిల్పి స్విచ్చి వేశాడు. షెడ్డు నీడలో ఆ వెలుగు అద్దంలో మెరిసి కారు ముఖం మీద పడింది. కాసేపు అట్లాగే పట్టుకుని, ఆమె అద్దం దించింది. వెలుగు నేరుగా వచ్చి నా పంచె మీద పడింది. నేను కదలలేదు.

"పక్కకు జరుగన్నా" అంది ఆమె. "దానికి దోవ కనపడల్ల."